రాజ్యం మేడం దిద్దిన సినిమాలు

మా హాస్టల్ వార్డెన్ రాజ్యం మేడంకి సినిమా చూడటం రాదు. దిద్దడం మాత్రమే వచ్చు. తెర మీద ఆడపిల్లల కాలేజీ కనిపించిందంటే చాలు, ఆవిడ సీట్లోంచి లేచి, కుడిచేయి పైకెత్తి, "తప్పు!" అని అరిచేవారు. మెల్లగా కాదు, గుంటూరు బస్టాండులో మాచర్ల బస్సు కండక్టరు అరిచినట్టు అరిచేవారు. నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆవిడకి ఎడమపక్క సీట్లోనే కూర్చున్నాను కాబట్టి ఈ విషయంలో నన్ను మించిన సాక్షి లేదు. నా కుడిచెవికి ఇప్పటికీ కాస్త తక్కువే వినిపిస్తుంది.

ఆవిడ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక హాస్టల్ చూసుకుంటానని వచ్చారు. పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? పిల్లల పేపర్లు పోయాయి, సినిమాలు దొరికాయి. హాస్టల్‌కొచ్చాక ఎర్రపెన్నుతో మార్కులు వేసి నోటీసుబోర్డులో పెట్టేవారు. వందకి ముప్పై అయిదొస్తే పాసు. నేనున్న మూడేళ్ళలో ఒక్క సినిమా పాసవలేదు. అన్నిటికంటే ఎక్కువ వచ్చింది ఇరవై రెండు. అది కూడా ఎందుకంటే, అందులో హీరోయిన్ ఒక ఆదివారం తలకి నూనె పెట్టుకుంటుంది.

నేను కనిగిరి నుంచి గుంటూరు వచ్చాను. పేరు షమా. మా నాన్న మొహిద్దీన్ బాషాది బట్టలు కుట్టే కొట్టు. హాస్టల్లో చేరిన కొత్తలో రెండో శనివారం మ్యాట్నీకి తీసుకెళ్తున్నారంటే, ఈవిడెంత మంచిదో అనుకుని ఇస్త్రీ చేసిన పంజాబీ డ్రెస్ వేసుకుని బయలుదేరాను. తెర మీద లేడీస్ హాస్టల్ గది వచ్చింది. ఒకే మంచం, గులాబీరంగు తెరలు, గోడ నిండా చిన్నచిన్న లైట్లు, దిండు మీద పడుచుపిల్లంత ఎలుగుబంటి బొమ్మ. మేడం లేచారు.

"తప్పు! గదికి ఆరుగురు! బొమ్మ పెట్టిన చోట పచ్చడి సీసాలుంటాయి!"

నాకు సీటు కిందికి దూరిపోవాలనిపించింది. వెనకాయన, "కూర్చోండి మేడం, కనపట్టంలా," అన్నాడు.

"కనపడకపోతేనే మంచిది నాయనా. అక్కడున్నదంతా అబద్ధం."

"పోన్లెండి, అబద్ధమే చూస్తాం."

"చూడు. కానీ నిజమనుకోకు. నీకు ఆడపిల్లలున్నారా?"

"ఇద్దరండీ."

"అయితే ముందు వరసలోకి రా, వివరంగా చెప్తాను."

చచ్చినట్టు వచ్చాడాయన. ఇంటర్వెల్ దాకా కదలనివ్వలేదు.

ఆవిడ పట్టిన తప్పుల్లో ఒక్కటీ కాదనడానికి లేదు. సినిమాలో హీరో బైకేసుకుని తిన్నగా ఆడపిల్లల కాలేజీ మధ్యలోకి వచ్చి నాలుగు చుట్లు తిరుగుతాడు. మా వాచ్‌మన్ నాగేంద్రబాబు ప్రిన్సిపాల్ గారి భర్తనే నలభై నిమిషాలు గేటు బయట నిలబెట్టాడు. "ఆయన మా ఆయనయ్యా," అని ఆవిడ స్వయంగా వచ్చి చెప్తే, "రిజిస్టర్లో రాసి సంతకం పెట్టండి మేడం," అన్నాడు. సినిమాలో అమ్మాయిలు నిద్రలేచేసరికి పెదాలకి రంగు, కళ్ళకి కాటుక. మేం నిద్రలేచి, కళ్ళు తెరవకుండానే నీళ్ళ కోసం బకెట్లతో లైన్లో నిలబడేవాళ్ళం. నిలబడి నిద్రపోవడం నేను నేర్చుకున్నది అక్కడే. సినిమాలో క్లాసు అయిదు నిమిషాలు, మిగతా రోజంతా పాటలు. మాకు రికార్డులు రాసి రాసి మధ్యవేలు మీద కాయ కాసింది.

అన్నిటికీ మించి తుమ్ములు. మార్చి వచ్చిందంటే గాలి మిర్చియార్డు వైపు నుంచి తిరుగుతుంది. లక్షల బస్తాల మిరపకాయ ఘాటంతా మా కిటికీల్లోకి వచ్చేస్తుంది. ప్రేయర్లో ఒకళ్ళు మొదలుపెడితే నూటఎనభైమందీ అందుకునేవాళ్ళం. మేడంకి అదే పెద్ద ఫిర్యాదు. "గుంటూరు కాలేజీ అని బోర్డు పెట్టాడు. సినిమా మొత్తం మీద ఒక్క పిల్ల తుమ్మలేదు. పది మార్కులు కట్!"

ఉత్తరాలు కూడా రాసేవారు, దర్శకులకి. ఒకసారి ఎవరో అసిస్టెంటు ఫోన్ చేశాడు పాపం. మేడం స్పీకర్ పెట్టి మాకందరికీ వినిపించారు.

"మేడం, మీ లెటర్ చదివామండీ. చాలా బాగుందండీ. కానీ ఆడపిల్లలు బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడితే ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను."

"మీరొక్కరే చూస్తే ఎట్లాగండీ?"

"మా పిల్లలు నూటఎనభైమంది ఉన్నారు. వాళ్ళనీ తీసుకొస్తాను. బకెట్లు కూడా మేమే తెచ్చుకుంటాం, నీకు ఖర్చు లేదు."

ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందని మేడం ఇప్పటికీ నమ్ముతున్నారు.

"మేడం, సినిమా సినిమాయే కదా, వదిలెయ్యొచ్చుగా?" అని ఒకసారి అడిగేశాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "నేను వదిలేస్తే ఎవరు దిద్దుతారే?" అన్నారు. సరే, ఇది తగ్గి తిరగబెట్టే రకం జబ్బు కాదు, అసలు తగ్గనే తగ్గని రకం అనుకుని ఊరుకున్నాను. మేమందరం ఆవిడ వెనకాల నవ్వుకునేవాళ్ళం. ముందర కూడా నవ్వేవాళ్ళం, ఆవిడేం అనుకునేవారు కాదు.

మా ఆఖరి సెమిస్టరులో, పరీక్షలు పద్దెనిమిది రోజులున్నాయనగా జరిగింది అసలు కథ. నా రూమ్మేటు శ్రీదివ్యది వినుకొండ దగ్గర పల్లె. కెమిస్ట్రీలో కాలేజీ ఫస్టు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి అదే. ఆ పైన ఎమ్మెస్సీ చేస్తానని గోడ మీద పెన్సిల్‌తో రాసుకుని మరీ చదివేది. వాళ్ళ నాన్న రామాంజనేయులు గారు మిరపకాయలు తీసుకుని యార్డుకొచ్చారు. బేరం తెగలేదు, రేపు చూద్దామన్నారు. పొద్దుపోక తోటి రైతులతో కలిసి మార్నింగ్‌షోకి వెళ్ళారు. ఊళ్ళో ఇన్ని సినిమాలుండగా, ఆయన సరిగ్గా ఆడపిల్లల హాస్టల్ సినిమాకే వెళ్ళాలా!

ఆ సినిమా పేరు చెప్పను. ఆడపిల్లలు సీసాలెత్తి తాగుతారు, మగపిల్లలు పైపులు పట్టుకుని గదుల్లోకి వస్తారు, హీరోయిన్ ఇంటర్వెల్‌కి ముందు ఒకడితో లేచిపోయి, తర్వాత ఇంకొకడితో తిరిగొస్తుంది. పైగా కాలేజీ గోడలకి మా గోడల రంగే, పసుపు. పక్కనున్న రైతు, "ఏందిరా రామాంజనేయులూ, మీ అమ్మాయి ఇట్టాంటిదాంట్లోనేగా చదివేది?" అన్నాడట. అంతే.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆయన హాస్టల్ వరండాలో నిలబడి ఉన్నారు. ఒంటినిండా మిరపకాయల ఘాటు. వరండా అంతా తుమ్ములే తుమ్ములు. ఆయన మాత్రం నిప్పులు కక్కుతున్నారు.

"సామాన్లు సర్దుకో. ఇంటికి పోదాం."

"నాన్నా, పద్దెనిమిది రోజుల్లో పరీక్షలు."

"పరీక్షా లేదు గిరీక్షా లేదు. మీ కాలేజీ సంగతంతా చూసే వచ్చా. పద."

"ఎక్కడ చూశావ్ నాన్నా?"

"హాల్లో!"

శ్రీదివ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. అది అరిచే పిల్ల కాదు, ఎదురు చెప్పే పిల్ల కాదు. నిజంగానే లోపలికెళ్ళి పెట్టె బయటికి లాగింది. చదివిన చదువంతా ఇట్టే పోతోందని నాకు ఏడుపొచ్చేసింది. పరుగెత్తుకెళ్ళి మేడంని పిలుచుకొచ్చాను.

మేడం ఆయన్ని ఒక్క మాట అనలేదు. "అన్నయ్యగారూ, ఏ సినిమా? ఏ హాలు?" అని మాత్రం అడిగారు. ఆయన చెప్పారు. వాచీ చూసుకున్నారు.

"మ్యాట్నీకి టైముంది. పదండి, మళ్ళీ చూద్దాం."

"చూసిందేగా మేడంగారూ, మళ్ళీ ఎందుకు?"

"మీరు చూశారు. నేను చూపిస్తాను. చూశాక కూడా పిల్లని తీసుకెళ్తానంటే ఆ పెట్టె బస్సు దాకా నేనే మోస్తాను."

పెద్దావిడ పెట్టె మోస్తాననేసరికి ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. ఎటూ బేరం రేపే. నలుగురం ఆటో ఎక్కాం. దారంతా ఆటోడ్రైవరు తుమ్ముతూనే ఉన్నాడు.

హాల్లో మేడం ఆయన పక్కన, వాళ్ళకి అటు నేను, ఇటు శ్రీదివ్య. పేర్లు పడటం అయ్యీ అవకముందే మొదలైంది.

"తప్పు! గదిలో ఏసీ ఉంది. మా ఫ్యాను తిరగాలంటే కర్రతో తొయ్యాలి. తప్పు! ఫోను చేతిలో ఉంది. మా దగ్గర ఆరింటి నుంచి ఏడింటిదాకే. తప్పు! అన్నయ్యగారూ, ఆ పైపు చూశారా? మగపిల్లాడు ఎక్కుతున్నాడే, అది. మా పైపు మీద కాకి వాలినా ఊడిపోతుంది, నెలకోసారి ప్లంబరుని పిలుస్తున్నాను."

రామాంజనేయులు గారు కరగలేదు. "వార్డెన్ కాబట్టి మీరట్టాగే అంటారులెండి," అన్నారు. చెప్పొద్దూ, నా ఆశ సగం అక్కడే చచ్చింది.

అప్పుడొచ్చింది పాట. హీరోయిన్ తన స్నేహితురాళ్ళతో మిర్చియార్డుకి వచ్చి, చేతుల్లేని జాకెట్టుతో ఎండుమిరపకాయల రాశి మీద పడి పొర్లుతోంది. దోసిళ్ళతో ఎత్తి మొహాన పోసుకుని నవ్వుతోంది.

మేడం నోరు తెరిచేలోపే రామాంజనేయులు గారు లేచి నిలబడ్డారు. "తప్పు!"

హాలంతా వెనక్కి తిరిగింది.

"ఒళ్ళు మండి చస్తది! కళ్ళు పోతాయి! మూడురోజులు మంచం దిగదు! పొద్దున కూడా అనుకున్నా, ఎవడు తీశాడ్రా దీన్ని? మిరపకాయ మొహం చూశాడా వాడు?"

"కూర్చోండి అన్నయ్యగారూ," అన్నారు మేడం ఎప్పుడూ లేనంత మెత్తగా. "తప్పని మీకెట్టా తెలిసింది?"

"నేను పండించేవాణ్ణి, నాకు తెలవదా?"

"మరి ఈ పిల్లల్ని మూడేళ్ళ నుంచి పెంచుతున్నదాన్ని నేను."

ఆయన కూర్చున్నారు. తర్వాత సీనులో అమ్మాయిలు సీసాలెత్తితే, మేడం వంక చూసి, "తప్పేనా?" అని అడిగారు. "పచ్చి తప్పు," అన్నారు మేడం. తెర మీద కాలేజీ గేటు దాటగానే సముద్రం వచ్చింది. "గుంటూర్లో సముద్రమేందే?" అని ఈసారి కూతుర్నే అడిగారు. శ్రీదివ్య మొహం మీదికి కాస్త రంగు వచ్చింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

గట్టెక్కలేదు. తర్వాతి సీనులో ఇద్దరమ్మాయిలు మిట్టమధ్యాహ్నం, స్టడీ అవర్లో, వెనకగోడ దూకారు. ఒకమ్మాయి చెప్పు గోడకి ఇవతలే పడిపోయింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. సరిగ్గా నెల కిందట, మిట్టమధ్యాహ్నం, స్టడీ అవర్లో, మా వెనకగోడ దూకిన ఇద్దరు నేనూ శ్రీదివ్యానూ. చెప్పు పడింది నాది. తిరిగొచ్చేటప్పుడు గోడ దిగబోతుంటే కింద మేడం నిలబడి ఉన్నారు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు.

మేడం "తప్పు" అనలేదు. పక్క వరసలో ఒకతను అలవాటుపడిపోయి ఎదురుచూస్తున్నాడు కూడా. నేను లోపల్లోపల బతిమాలుతున్నాను. అనండి మేడం, ఒక్కసారి అనేస్తే పోయేదేముంది, అబద్ధమే అయితే అయింది, దాని చదువు నిలబడుతుంది కదా! నేను ఆవిడ మోచేతిని పొడిచాను. ఆవిడ నా చెయ్యి తోసేశారు.

రామాంజనేయులు గారు తిరిగారు. "మేడంగారూ, దీనికి తప్పనలేదే?"

"ఇది రైటు."

"అంటే?"

"మా పిల్లలు దూకుతారు. పోయిన నెల మీ అమ్మాయి దూకింది. ఇదిగో, ఇదీ దూకింది." నన్ను చూపించారు.

శ్రీదివ్య రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద ఎవరో ఎవరినో కొడుతున్నారు.

"ఎందుకు దూకింది?" అన్నారాయన. గొంతు మారిపోయింది.

"అడగండి, పక్కనే ఉందిగా."

"ఎందుకు దూకావే?"

శ్రీదివ్య వేళ్ళ సందుల్లోంచి చూస్తూ, "మిరపకాయ బజ్జీలకి నాన్నా," అంది.

"దేనికీ?"

"వెనకసందులో బండి ఉంది నాన్నా. బాగా వేస్తాడు."

ఆయన కూతుర్ని చూశారు, మేడంని చూశారు, నన్ను చూశారు. "మూడెకరాలు మిరప వేసినోడి కూతురివి! ఇంట్లో గుమ్మం నుంచి దొడ్డిదాకా మిరపకాయలే! మిరపకాయ కోసం గోడ దూకుతావటే?"

ఆయన మేడం వైపు తిరిగి, "పట్టుకుని మీరేం చేశారు మేడంగారూ?" అన్నారు.

ఇక్కడైనా కాస్త దాచుకోవచ్చు కదా! వారం రోజులు మాచేత వరండా కడిగించిన మాట చెప్పొచ్చు, అదీ నిజమే. ఆవిడ కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడుచుకుని, "ముందు పొట్లం లాక్కున్నాను. ఒకటి తిన్నాను. ఉల్లిపాయ ముక్కలు పెట్టించలేదని తిట్టాను. ఆ తర్వాత వరండా కడిగించాను," అన్నారు.

రామాంజనేయులు గారి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. చూస్తే నవ్వు. కండువా నోట్లో కుక్కుకుని మరీ నవ్వు. ఆ కండువాకున్న ఘాటుకి మళ్ళీ తుమ్ములు. వెనకనుంచి ఎవరో, "సినిమా చూడనిస్తారా లేదా?" అని అరిచారు. "నువ్వు చూసేది సినిమా కాదయ్యా, తప్పులు!" అని అరిచింది మేడం కాదు, రామాంజనేయులు గారే.

హాలు బయటికొచ్చాక ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "అన్నిటికీ తప్పు తప్పని ఉంటే నమ్మేవాణ్ణి కాదు మేడంగారూ. నా బిడ్డ సంగతి ఉన్నదున్నట్టు నా మొహానే చెప్పారు చూడండీ, ఇంక నాకేం అక్కర్లా." కూతురి వైపు తిరిగి, "మళ్ళీ గోడ గీడ దూకావంటే కాళ్ళిరగ్గొడతా. తినాలనిపిస్తే గేట్లోంచి అడిగి పో. పరీక్ష బాగా రాయి," అన్నారు. ఆ పైన చదివే సంగతి ఊరెళ్ళాక మాట్లాడదామన్నారు. శ్రీదివ్య అక్కడే, రోడ్డు మీదే, ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

యార్డుకి వెళ్ళే ముందు ఆ బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఒక బజ్జీ విరిచి, లోపలి కాయని వెలుగులోకి పెట్టి చూసి, "ఇది మన రకం కాదు," అని తేల్చారు. అయినా నాలుగు తిన్నారు.

ఆ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేతికి రాగానే నాన్నకి చేశాను. కథంతా చెప్పాను, ఆటోడ్రైవరు తుమ్ములతో సహా. అమ్మ కరీమున్ పక్కనుంచి ఒకటే నవ్వు. నాన్న మాత్రం నవ్వలేదు. కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నన్నూ తీసుకెళ్ళిందమ్మా," అన్నాడు.

"ఎవరు? ఎక్కడికి?"

"మీ మేడంగారే. సినిమాకి. నువ్వు చేరిన రెండో నెల. కొట్టుకొచ్చినవాళ్ళు ఏదో సినిమా కథ చెప్పి, 'హాస్టలు పిల్లలంతా ఇంతే బాషా' అన్నారు. నేనా సినిమా చూడను కూడా చూడలా. పొద్దున్నే బస్సెక్కి నిన్ను తీసుకొచ్చేద్దామని వచ్చా."

"నాకు కనపడలేదేం నాన్నా?"

"నీ దాకా రానిస్తేగా. నువ్వు క్లాసులో ఉన్నావు. గేటు దగ్గరే పట్టుకుని హాలుకి తీసుకెళ్ళింది. సినిమా అయ్యాక బస్సెక్కించి పంపించేసింది. నీకు చెప్పొద్దంది. 'మీరు అనుమానంతో వచ్చారని తెలిస్తే, పిల్లకి ఎన్ని మార్కులొచ్చినా ఆ సంగతే గుర్తుంటుంది' అంది. అందుకే చెప్పలా. ఇట్టా ఎంతమంది తండ్రుల్ని తీసుకొచ్చావమ్మా అని అడిగా. వేళ్ళు లెక్కపెట్టబోయి మానేసింది."

నేను కిటికీ దగ్గర నిలబడిపోయాను. కింద వరండాలో మేడం ఒక ఫస్టియర్ పిల్లని తల దువ్వుకోలేదని గొంతు చించుకుని తిడుతున్నారు. మూడేళ్ళు ఆ గొంతు వినపడకుండా చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నదాన్ని. ఆ గొంతే లేకపోతే నేనిప్పుడు కనిగిరిలో కాజాలు కుడుతూ ఉండేదాన్ని. కిందికి పరుగెత్తి ఆవిడని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. వాటేసుకుంటే ఎందుకని అడుగుతారు, అడిగితే నాన్న మాట తప్పినట్టవుతుంది. అందుకని ఊరుకున్నాను.

"ఇంతకీ ఆ సినిమా ఎట్టా ఉంది నాన్నా?" అన్నాను.

"ఏమోనమ్మా. పక్కన ఆవిడుంటే తెరమీదవాళ్ళ మాట ఒక్కటైనా చెవిన పడిందా? ఆ పిల్ల చివరికి ఎవర్ని చేసుకుందో నాకిప్పటిదాకా తెలవదు. నీకెప్పుడైనా తెలిస్తే కాస్త చెప్పు."